టర్మ్ చివరి రోజులు ఎవరివి?

(ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సమావేశంలో ఒక కథోలిక ప్రైమరీ స్కూలు రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం.)

ఫాదర్ గారికి, సిస్టర్లకు, తోటి టీచర్లకు, పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. చంటిపిల్లలతో వచ్చినవాళ్లు మొహమాటపడొద్దు. ఏడిస్తే ఏడవనివ్వండి, నేను ఇంకాస్త గట్టిగా మాట్లాడతాను.

టర్మ్ చివరి రోజుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పరీక్షలు అయిపోయాయి. మార్కులు వేయడం అయిపోయింది. సెలవులు ఇంకా ఇవ్వలేదు. ఈ మధ్యలో ఉండే రోజులు. చాలాచోట్ల వీటిని ఎలా చూస్తారు? ఎలాగోలా గడిచిపోతే చాలనుకుంటారు. టీచర్లు ప్రోగ్రెస్ కార్డులు రాసుకుంటూ ఉంటారు, పిల్లలు గోల చేస్తూ ఉంటారు, ఇంట్లో అమ్మానాన్నలు "పాఠాలు లేవుగా, ఇంకా పంపడం ఎందుకు" అనుకుంటారు. నా మాట దీనికి పూర్తిగా ఎదురు. చిన్న స్కూలుకు ఏడాదిలో అన్నిటికన్నా విలువైన రోజులు ఇవే. పాఠాలు లేని రోజుల్లోనే మనం ఒకరికొకరం ఏమవుతామో తెలుస్తుంది.

చిన్న స్కూలు అన్నాను. మీకు తెలుసు కదా, నాలుగైదు గదులు, రెండు తరగతులు కలిపి చెప్పే టీచరు, హెడ్‌మిస్ట్రెస్సే లెక్కలు చెప్పాలి, ఆమే గంట కొట్టించాలి. అక్కడ అందరికీ అందరి పేర్లూ తెలుసు. ఒకటో తరగతి పిల్లకు బూటు లేసు ఊడితే ఐదో తరగతి పిల్లాడు వంగి కట్టేస్తాడు, ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇది చిన్న స్కూలుకున్న బలం. కానీ ఇంకో వైపు కూడా చూడండి. వెయ్యిమంది ఉన్నచోట ఒక పిల్ల వెనకబడి ఉంటే ఎవరికీ కనిపించదు, కనీసం ఆ పిల్లకు ఆ మరుగైనా ఉంటుంది. అరవైమంది ఉన్నచోట ఒక్క పిల్లను పక్కన పెడితే అది అందరికీ కనిపిస్తుంది. ఆ పిల్లకు ఇంకా బాగా కనిపిస్తుంది. అవునా కాదా? అందుకే చిన్న స్కూల్లో "ఒకరిద్దరు మిగిలిపోయారులే" అనే మాట చెల్లదు.

లోకంలోని కథోలిక బిషప్పులు రోములో కూడిన రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న విద్య మీద ఒక ప్రకటన చేసింది. కథోలిక పాఠశాల ప్రత్యేకత ఏమిటని చెబుతూ అందులో ముందుగా ఎత్తిన మాట వాతావరణం. సువిశేషం, అంటే క్రీస్తు శుభవార్త, నేర్పే స్వేచ్ఛ, ప్రేమ నిండిన వాతావరణాన్ని ఆ పాఠశాల సమాజంలో కల్పించాలి అంటుంది. మార్కుల మాట, భవనాల మాట ముందు రాలేదు చూడండి. 1988లో రోములోని కథోలిక విద్యా విభాగం నుంచి వచ్చిన పత్రం ఇంకో అడుగు ముందుకు వేసి, ప్రత్యేకించి ప్రైమరీ స్కూళ్ల గురించి మాట్లాడింది. చిన్నపిల్లల స్కూలు వీలైనంత వరకు ఇంట్లో ఉండే వెచ్చదనం, చనువు ఉన్న చోటుగా ఉండాలంది. సరే, వాతావరణం అని రాసేయడం తేలిక. దాన్ని ఎక్కడ చూడాలి? నన్నడిగితే, టర్మ్ చివరి వారంలో ఆ స్కూలుకు వెళ్లి చూడమంటాను.

ముందు పూజ సంగతి మాట్లాడుకుందాం. టర్మ్ ముగింపు దివ్యబలిపూజ. దీని మీద కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను, ఓపిక పట్టండి. ఎందుకంటే అన్నిచోట్లా జరుగుతుంది, చాలాచోట్ల మొక్కుబడిగా జరుగుతుంది. బాగా చదివే ఇద్దరు పిల్లలు, ఎప్పుడూ ఆ ఇద్దరే, బైబిలు పఠనాలు చదివేస్తారు. పాటలు వచ్చిన నలుగురు పాడేస్తారు. మిగతావాళ్లను వరసల్లో కూర్చోబెట్టి, "కదలొద్దు, మాట్లాడొద్దు" అని టీచర్లు పక్కన కాపలా. అది పిల్లల పూజా? పిల్లలు ఉన్న పూజ, అంతే.

1973 నవంబరు 1న పిల్లలతో చేసే పూజల కోసం రోము నుంచి ఒక మార్గదర్శకం వచ్చింది. మన టీచర్లలో ఎంతమంది చూశారో నాకు తెలియదు, చూడకపోతే ఫాదర్ గారిని అడిగి తీసుకోండి. వీలైనంత ఎక్కువమంది పిల్లలకు ఏదో ఒక పని ఉండాలని అందులో ఉంది. బలిపీఠం సిద్ధం చేయడం, పాడడం, వాయిద్యం వాయించడం, పఠనాలు చదవడం, ప్రసంగంలో అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పడం, విశ్వాసుల ప్రార్థనలు చెప్పడం, కానుకలు తీసుకెళ్లడం. ఎన్ని పనులో చూడండి! అరవైమంది ఉన్న స్కూల్లో ఇందులో ఏదీ దక్కని పిల్లలు ఎందుకుండాలి? చిన్న స్కూలుకే ఇది సాధ్యం. పెద్ద స్కూళ్లవాళ్లు మనల్ని చూసి అసూయపడాల్సిన విషయం ఇది. ఆ పత్రంలోనే ఇంకోటి కూడా ఉంది. పిల్లల స్థాయికి దిగి ప్రసంగించడం పూజ చేసే గురువుకు, అంటే ఫాదర్‌కు, కష్టమనిపిస్తే, ఆ గుడి బాధ్యత చూసే ఫాదర్ అనుమతితో పెద్దల్లో ఇంకొకరు సువిశేషం తర్వాత పిల్లలతో మాట్లాడవచ్చు. ఫాదర్ గారు నవ్వుతున్నారు. మీ గురించి అనలేదు ఫాదర్, మీరు బాగానే చెబుతారు.

మౌనం కూడా మరిచిపోవద్దంది. పిల్లలకు కూడా మౌనం ఉండాలి అని. దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో పంచే పవిత్ర అప్పం, తీసుకున్న తర్వాత ఒక్క నిమిషం. పిల్లలు ఊరుకోరండీ అంటారు. ఊరుకుంటారు. ముందు రోజు క్లాసులో ఒకసారి అలవాటు చేస్తే, ఐదేళ్ల పిల్లలు కూడా మనకన్నా బాగా ఊరుకుంటారు. పెద్దవాళ్ల ఫోన్లే మోగుతాయి.

పూజలో అందరి అవసరాల కోసం పైకి చదివే విశ్వాసుల ప్రార్థనల దగ్గర ఆగుదాం. ఇవి ఎవరు రాస్తారు? సాధారణంగా టీచరు రాసి పిల్లల చేతికి ఇస్తారు. పిల్ల ఇంటికి తీసుకెళ్లి బట్టీ పడుతుంది. "లోకశాంతి నిమిత్తమును, ప్రభుత్వాధినేతల సుపరిపాలన కొరకును..." ఆ పిల్లకు అందులో ఏమైనా అర్థమవుతుందా? మేం ఒక టర్మ్ చివర రెండో తరగతి పిల్లలకు చిన్న చిన్న కాగితాలు ఇచ్చి, ఈ టర్మ్‌లో ఎవరి కోసం ప్రార్థించాలని ఉందో మీరే రాయండి అన్నాం. ఏం రాశారో తెలుసా? "మా తాతయ్యకు రాత్రి దగ్గు రాకూడదు." "మా నాన్నకు పని దొరకాలి." "నా పక్కన కూర్చునే పిల్ల వేరే ఊరు వెళ్లిపోతోంది, అక్కడ దానికి ఎవరైనా ఫ్రెండ్ దొరకాలి." ఒక టీచరు వాటిని కాస్త బాగుచేసి, గ్రాంథికంలో పెడదామన్నారు. వద్దు అన్నాను. దేవుడికి ఆ మాటలు అలాగే అర్థమవుతాయి. ఇంట్లో విషయాలు నలుగురిలో చెప్పకూడనివి ఉంటాయి కాబట్టి, చదివే ముందు ఆ ఇంటివాళ్లను ఒక మాట అడగాలి. అది మాత్రం తప్పనిసరి.

ఆ దగ్గు ప్రార్థన రాసిన పాప గొంతు అసలు పైకి రాదు. మైకు ముందు నిలబడినా మొదటి వరసకు వినపడదు. ఇలాంటప్పుడు మనం ఏం చేస్తాం? "నువ్వు రాశావు కదా, ఇంకొకరు చదువుతారులే" అంటాం. ఆ పాప క్లాసు టీచరు అలా అనలేదు. రోజూ మధ్యాహ్నం ఖాళీ గుడికి తీసుకెళ్లి, పాపను ముందు నిలబెట్టి, తాను మొదటి బల్ల దగ్గర కూర్చునేది. వినపడితే ఒక బల్ల వెనక్కి జరిగేది. మర్నాడు ఇంకో బల్ల. అరవమని ఒక్కసారి కూడా చెప్పలేదు, "నాకు వినిపించేలా చెప్పమ్మా" అనేది, అంతే. చివరి రోజుకు టీచరు ఆఖరి బల్ల దాకా వెళ్లింది. పూజ రోజున ఆ తాతయ్య వచ్చారు. ఆయన ఎక్కడ కూర్చున్నారంటే, మోకాళ్ల నొప్పుల వల్ల తలుపు పక్కనే, ఆఖరి బల్లలో. ఆయనకు వినపడింది.

టీచర్లూ, అలా వెనక్కి జరిగే టైము మీకు మామూలు రోజుల్లో ఎక్కడుంటుంది చెప్పండి? ఈ చివరి రోజుల్లోనే ఉంటుంది. అందుకే వీటిని వృథా రోజులంటే నాకు బాధ.

ఇక, మన స్కూళ్లలో కథోలికులు కాని పిల్లలు కూడా ఉంటారు. వాళ్ల సంగతి ఏమిటని చాలామంది నన్ను అడుగుతుంటారు. ఇందాక చెప్పిన 1965 ప్రకటనలోనే ఉంది, కథోలికేతర పిల్లలు కూడా చదువుకునే పాఠశాలలు శ్రీసభకు, అంటే మన కథోలిక సంఘానికి, ఎంతో ప్రియమైనవని. వాళ్లు సత్ప్రసాదం స్వీకరించరు, అది మన క్రమశిక్షణ, దాన్ని దాచిపెట్టక్కర్లేదు, ముందే నెమ్మదిగా చెప్పాలి. కొన్నిచోట్ల ఆ సమయంలో పిల్లలు చేతులు గుండెల మీద పెట్టుకుని వస్తే గురువు దీవిస్తారు. ఇష్టమైన పిల్లలు వస్తారు, లేనివాళ్లు కూర్చుంటారు. బలవంతం ఉండకూడదు. ఇంట్లో తల్లిదండ్రులు ఏమనుకుంటారో ముందే కనుక్కోవాలి. కానీ పాట పాడడానికి, పువ్వులు సర్దడానికి, తలుపు దగ్గర నిలబడి ముసలివాళ్లను చెయ్యి పట్టి లోపలికి తీసుకురావడానికి మతం అడ్డు రాదు కదా. ఆ పిల్లలకు ఆ పనులు ఇవ్వండి. మిగిలిన పనులు ఇచ్చినట్టు ఉండకూడదు, ముందుగా అడిగి ఇవ్వాలి.

వార్షికోత్సవం, ఆటల పోటీలు, నాటికలు, వీటి గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. మీ అందరికీ బాగా వచ్చు. ఒక్క మాట. బహుమతుల దగ్గర జాగ్రత్త. చిన్న స్కూల్లో ఒకే పాప నాలుగుసార్లు స్టేజీ ఎక్కుతుంది, ఆమె తమ్ముడు ఒక్కసారి కూడా ఎక్కడు, ఇద్దరూ ఒకే ఇంటికి వెళ్తారు. బాగా చదివినవాళ్లకు బహుమతి ఇవ్వొద్దని నేను అనను, కష్టపడ్డారు, ఇవ్వాలి. కానీ ప్రతి పిల్ల గురించీ టీచరు ఒక వాక్యం, నిజమైన వాక్యం, ప్రోగ్రెస్ కార్డు మీద రాయాలి. "ప్రవర్తన బాగుంది" కాదు. అది అందరికీ రాస్తాం. "కొత్తగా వచ్చిన అబ్బాయికి మొదటి రోజు తన పెన్సిల్ ఇచ్చింది" అని రాయండి. ఆ తల్లి ఆ కార్డును ఎన్నేళ్లు దాస్తుందో చూడండి.

ఈ సందర్భంలో ఒక పెద్దాయన గురించి చెప్పాలి. పునీత, అంటే సెయింట్, జాన్ బాప్టిస్ట్ డి లసాల్. 1651లో ఫ్రాన్సులోని రీమ్స్‌లో పుట్టారు, 1719లో కన్నుమూశారు. పేద పిల్లల స్కూళ్ల కోసం, ఆ పిల్లలకు పాఠాలు చెప్పే సోదరుల (బ్రదర్ల) కోసం ఆస్తి, పదవి అన్నీ వదులుకున్నారు. 1950లో పన్నెండవ భక్తినాథ (పోప్ పయస్) పాపుగారు ఆయనను ఉపాధ్యాయులందరికీ పాలక పునీతుడిగా ప్రకటించారు. ఆ సోదరుల స్కూళ్లు ఎలా నడపాలో చెప్పే పుస్తకం ఒకటి 1720లో అచ్చయింది. అందులో నాకు చాలా నచ్చిన పద్ధతి ఒకటుంది. విద్యా సంవత్సరం ముగిసేటప్పుడు ప్రతి టీచరూ తన దగ్గర ఉన్న ప్రతి పిల్లవాడి గుణగణాలు రాసిపెట్టాలి. వాడి స్వభావం ఏమిటి, ఎలా చెబితే వింటాడు, ఇంట్లో పరిస్థితి ఎలా ఉంది. ఎందుకు? వచ్చే ఏడాది ఆ పిల్లవాణ్ణి తీసుకునే టీచరు మొదటి నుంచీ మొదలుపెట్టకుండా ఉండడానికి.

మూడు వందల ఏళ్ల కిందటి మాట ఇది! మనం ఇవాళ ఏం ఇస్తున్నాం పై తరగతి టీచరుకు? మార్కుల పట్టిక. నలభై రెండు, ముప్పై ఎనిమిది, యాభై. యాభై వచ్చిన పిల్ల రెండు నెలల కిందట అమ్మమ్మ పోయినప్పటి నుంచి లెక్కల పీరియడ్‌లో కిటికీలోంచి చూస్తూ కూర్చుంటోందని ఆ పట్టికలో ఎక్కడుంది? ఒక మధ్యాహ్నం కేటాయించండి. పిల్లలను ఆటకు పంపి, ఈ టీచరు, ఆ టీచరు ఎదురెదురుగా కూర్చోండి. ఒక్కో పేరూ తీసుకుని మాట్లాడుకోండి. ఫిర్యాదులు వద్దు. "వీడు అల్లరి" అని చెప్పి వదిలేస్తే ఆ ముద్ర వాడితో పై తరగతికి నడుస్తుంది. అల్లరి ఎప్పుడు చేస్తాడు, ఎప్పుడు చేయడు, అది చెప్పండి. ఇలాంటి మాటలు ఇంట్లో అమ్మ, పెద్దమ్మ కూర్చుని పిల్లల గురించి మాట్లాడుకున్నట్టు ఉండాలి.

ఇంకో చిన్న విషయం, చిన్నదే కానీ నేను వదలను. దొరికిన వస్తువుల బల్ల. ప్రతి స్కూల్లో టర్మ్ చివర ఒక బల్ల మీద పరుస్తారు. స్వెట్టర్లు, వాటర్ బాటిళ్లు, ఒంటి సాక్సులు, మూత లేని టిఫిన్ డబ్బాలు. మొదట అందరూ వచ్చి ఎవరివి వాళ్లు తీసుకుపోతారు. చివరికి కొన్ని మిగులుతాయి. బాగున్న స్వెట్టర్ ఎవరూ అడగలేదంటే పారేసుకున్నందుకు తిడతారని భయపడే పిల్ల ఒకతి ఉందని అర్థం. ఇంట్లో చెప్పి ఉండదు. టీచరు ఆ స్వెట్టర్ పట్టుకుని "ఇది ఎవరిదో చెప్పండి!" అని అసెంబ్లీలో ఎత్తి చూపిస్తే ఆ పిల్ల ఇంకా ముడుచుకుపోతుంది. ఎవరిదో మీకు తెలిసే ఉంటుంది, చిన్న స్కూలు కదా. మడిచి బ్యాగులో పెట్టేయండి.

ఆ బల్ల పక్కనే ఇంకో బల్ల వేయండి, పొట్టి అయిపోయిన యూనిఫాంల కోసం. ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చి పెట్టమనండి. ఎవరికి కావాలో వాళ్లు తీసుకుంటారు. దాన్ని "పేద పిల్లల కోసం" అనొద్దు దయచేసి. ఆ బోర్డు పెట్టారంటే అవసరమున్న తల్లి ఆ బల్ల దరిదాపులకు రాదు. టీచర్లు తమ పిల్లల బట్టలు తెచ్చి పెట్టాలి, టీచర్లే తమ పిల్లల కోసం అక్కడి నుంచి తీసుకోవాలి కూడా. అప్పుడు అందరూ వస్తారు.

పిల్లలు చిల్లర వేసే కానుకల డబ్బా గురించి కూడా చెప్పి ముందుకు వెళ్తాను. టర్మ్ చివర దాన్ని విప్పి లెక్కపెడతాం. 1843లో ఫ్రాన్సులోని నాన్సీ నగర మేత్రాణులు, అంటే బిషప్, ఫోర్బిన్ జాన్సన్ గారు పిల్లల కోసం ఒక సంఘం మొదలుపెట్టారు. పిల్లలు పిల్లలకు సాయం చేయాలని. రోజుకు మరియమ్మకు ఒక మంగళవార్త జపం, నెలకు ఒక చిన్న నాణెం, అంతే ఆయన అడిగింది. 1922లో పదకొండవ భక్తినాథ పాపుగారు దానికి పాపు సంఘం హోదా ఇచ్చారు, ఇవాళ్టికీ ఎన్నో దేశాల్లో నడుస్తోంది. నాణెం ఎందుకన్నారో ఆలోచించండి. చిన్నది కాబట్టి ప్రతి పిల్లా వేయగలదు. కాబట్టి దయచేసి, ఏ క్లాసు ఎంత వేసిందో బోర్డు మీద రాయకండి. డబ్బంతా ఒకే కుప్పగా పోసి, పెద్ద పిల్లలతో లెక్కపెట్టించి, మొత్తం ఒక్కటే చెప్పండి. ఎక్కడికి వెళ్తోందో కూడా చెప్పండి.

తల్లిదండ్రులకు ఇప్పుడు. 1983 శ్రీసభ చట్టంలో 796వ నియమం ఉంది. తల్లిదండ్రులు టీచర్లతో దగ్గరగా కలిసి పనిచేయాలి, టీచర్లు తల్లిదండ్రుల మాట ఇష్టంగా వినాలి, తల్లిదండ్రుల సంఘాలు, సమావేశాలు ఏర్పాటు చేసి వాటిని ఎంతో గౌరవించాలి అని. ఇష్టంగా వినాలి అన్నారు, ఆ మాట టీచర్లకు. దగ్గరగా పనిచేయాలి అన్నారు, అది మీకు. టర్మ్ చివర మీరు చేయగలిగింది చాలా ఉంది. పిల్లలను మానిపించకండి, అది మొదటిది. గోడల మీద ఛార్టులు తీయడానికి, బెంచీలు కడగడానికి ఒక శనివారం రండి. పిల్లలతో కలిసి చేస్తే పిల్లలు తమ స్కూలును మీ చేతుల్లో చూస్తారు. రాలేని తల్లిదండ్రులు ఉంటారు. రోజు కూలీ పోతుంది, షిఫ్టు ఉంటుంది. వాళ్లను ఏమీ అనకండి. వచ్చినవాళ్లు ఆ పిల్లల పక్కన కూడా నిలబడండి. నాటకం అయ్యాక మీ పాపతో ఫోటో తీసుకుంటున్నప్పుడు, ఎవరూ రాని బాబు అక్కడే తిరుగుతుంటాడు. వాడికీ ఒక ఫోటో తీసి, సాయంత్రం ఆ అమ్మకు పంపండి. ఎంత పని?

స్కూలు ఊడ్చేవాళ్లు, గేటు దగ్గర ఉండేవాళ్లు, వాళ్లకు కూడా చివరి రోజు పిల్లలే స్వయంగా వెళ్లి థాంక్స్ చెప్పాలి. స్టేజీ మీదకు పిలిచి శాలువా కప్పితే కొందరు సిగ్గుపడతారు. వాళ్లు పనిచేసే చోటికి పిల్లలు వెళ్లడం మంచిది.

చివరగా వెళ్లిపోయే పిల్లలు. ప్రైమరీ అయిపోయి వేరే స్కూలుకు వెళ్లే పెద్ద తరగతి. పదేళ్ల పిల్లలకు అది ఎంత పెద్ద మార్పో మనం మరిచిపోతాం. ఇక్కడ అందరికీ తెలిసిన పిల్ల, అక్కడ ఎవరికీ తెలియని పిల్ల అవుతుంది. యోహాను సువిశేషంలో మంచి కాపరి తన గొర్రెలను పేరు పెట్టి పిలుస్తాడని ఉంది. వీడ్కోలు రోజున ఒక్కొక్కరినీ పూర్తి పేరుతో పిలవండి, గురువు ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి దీవించాలి. గుంపుగా కాదు. ఎంత సేపు పడుతుంది? పన్నెండుమంది ఉంటే పది నిమిషాలు. ఒకటో తరగతి పిల్లలు, ఏడాదంతా వీళ్లు లేసులు కట్టిన పిల్లలు, చూస్తూ ఉండాలి. వాళ్లకూ ఒక రోజు తమ పేరు పిలుస్తారని తెలియాలి. మధ్యలో ఊరు మారి వెళ్లే పిల్లలు ఉంటారు, చివరి తరగతి కాకపోయినా వాళ్లనూ పిలవండి. తరచూ మరిచిపోయేది వాళ్లనే.

ఆఖరి అసెంబ్లీలో హెడ్‌మిస్ట్రెస్ మాట్లాడతారు. టైము చూసుకోండి! ఇటలీలో పేద కుర్రాళ్లను చేరదీసిన పునీత డాన్ బోస్కో స్కూళ్లలో రాత్రి పడుకునే ముందు పిల్లలకు రెండు మూడు నిమిషాల మాట చెప్పే అలవాటు ఉంది. ఇది 1847లో ఆయన తల్లి మార్గరీటమ్మతో మొదలైందని చెబుతారు. ఇల్లు లేని ఒక కుర్రాణ్ణి ఇంట్లో పడుకోబెట్టి, నిద్రపోయే ముందు నాలుగు మంచి మాటలు చెప్పిందట. ఆమె పెద్ద చదువులు చదవలేదు. రెండు నిమిషాలు చాలు. సెలవుల్లో చేయాల్సిన హోంవర్కు గురించి కాకుండా, మళ్లీ గేటు తెరిచే రోజు ఏదో చెప్పి, ఆ రోజు మీ కోసం ఇక్కడే నిలబడి ఉంటానని చెప్పండి. చెప్పాక నిలబడండి కూడా.

నేను మాత్రం రెండు నిమిషాలు దాటేశాను. టీచర్లు వెళ్లిపోకండి, పూజలో ఏ పిల్లకు ఏ పని అనే జాబితా ఇప్పుడే ఇక్కడే కూర్చుని మొదలుపెడదాం. హాజరు పట్టీ తెచ్చారా? పేర్లు పైనుంచి కాదు, కిందనుంచి తీసుకుందాం. ఆ లోపు తల్లిదండ్రులు ఏమైనా అడగాలంటే అడగండి. ఆ చివర బాబును ఎత్తుకున్న అమ్మ ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తుతున్నారు, ముందు ఆమెకు మైకు ఇవ్వండి.